బగ్గీ కావాలంటే కాలు చూపించాలా?

శనివారం పొద్దున్నే ఏడున్నరకి ఫోన్ మోగిందంటే సర్వర్ పడిపోయిందనే అనుకుంటాం. మా ఉద్యోగాలు అలాంటివి. కానీ ఆ రోజు ఫోన్ ఆఫీస్ నుంచి కాదు, గోల్ఫ్ క్లబ్ సెక్రటరీ నుంచి. "నీ యాప్ ఇవాళ మా మెంబర్ ఒకావిడని ఇంటికి పంపించేసింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే ఇంకా గుచ్చుకుంది.

యాప్‌లో బగ్ లేదు. నేను రాసింది రాసినట్టే పనిచేసింది. అసలు గొడవంతా అదే.

మొదటి నుంచీ చెప్తా. నేను ఇంగ్లండ్‌లో రీడింగ్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వచ్చి మూడేళ్లయింది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు గోల్ఫ్ అంటే గోల్కొండ కోట దగ్గర ఒక పచ్చటి మైదానం, లోపల మనకి సంబంధం లేని మనుషులు, అంతే. ఇక్కడ మా టీమ్ లీడ్ ఒక ఆదివారం బలవంతంగా లాక్కెళ్తే ఆశ్చర్యపోయా. సగంమంది ప్లంబర్లు, డ్రైవర్లు, రిటైరైన టీచర్లు. ఖరీదైన క్లబ్బులూ ఉన్నాయి గానీ ఇది వాటిలోది కాదు. టీ కప్పు పగిలితే అదే కప్పు అతికించి వాడే రకం.

బగ్గీ అంటే ఏంటో కూడా చెప్పాలి. పెద్ద రైల్వే స్టేషన్లలో ముసలివాళ్లని ప్లాట్‌ఫాం మీద తీసుకెళ్లే బ్యాటరీ బండి ఉంటుంది చూడండి, దాని తమ్ముడనుకోండి. రెండు సీట్లు, వెనక బ్యాగులు కట్టుకునే చోటు. పద్దెనిమిది హోల్స్ ఆడాలంటే నాలుగు గంటలు పడుతుంది, ఎత్తుపల్లాల మీద ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. నడవలేనివాళ్లకి బగ్గీ లేకపోతే ఆటే లేదు. నడవగలిగినవాళ్లకి అది సరదా.

మా క్లబ్‌లో బగ్గీలు ఆరు. షాపులో ఒక రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ఎవరు ముందు రాశారు, ఎవరు ఎవరి పేరు చెరిపారు అని వారం వారం పంచాయితీ. చూసి నవ్వొచ్చింది. "రెండు వీకెండ్లు ఇవ్వండి, యాప్ రాసిచ్చేస్తా" అన్నా. మనకి నోరు ఊరుకోదు కదా.

రాశా. గురువారం రాత్రి 8 గంటలకి వీకెండ్ బుకింగ్ తెరుచుకుంటుంది. ముందొచ్చినవాళ్లకి ముందు. మన తత్కాల్ టికెట్ లెక్కే. సిఫారసుల్లేవు, మొహమాటాల్లేవు, అందరికీ ఒకే గేటు. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని నిజంగానే అనుకున్నా.

ఆ గురువారం ఆరు బగ్గీలూ రెండు నిమిషాల్లో అయిపోయాయి. అందులో నాలుగు ఒక బర్త్‌డే గ్యాంగ్‌కి వెళ్లాయి. ఎనిమిదిమందీ గుర్రాల్లా ఉంటారు. బగ్గీ దొరకనిది యాభై దాటిన ఒకావిడకి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. కొన్ని రోజులు కాళ్లు మాట వినవు, కొన్ని రోజులు చేతివేళ్లు. తెర మీద ఒక బటన్ నొక్కడానికి నాకు పట్టే టైమ్‌కి నాలుగింతలు పడుతుంది ఆవిడకి. అలాంటి మనిషిని తీసుకెళ్లి తత్కాల్ పోటీలో నిలబెట్టా నేను. శనివారం అయినా వచ్చిందట, ఎవరైనా రాకపోతే దొరుకుతుందేమోనని. కాసేపు చూసి బ్యాగ్ మళ్లీ కారులో పెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత తెలిసిందేంటంటే, పాత రిజిస్టర్ రోజుల్లో షాపులో కుర్రాడు ఎవరికీ చెప్పకుండా బుధవారమే ఆవిడ పేరు రాసేసేవాడట. రూల్ కాదు, ఎక్కడా రాసుకోలేదు. నేను ఆ పెన్సిల్ తీసేసినప్పుడు అదీ పోయింది.

సరే, సరిచేద్దాం అనుకున్నా. ఆదివారమంతా కూర్చుని వెర్షన్ 2 తయారుచేశా. వైకల్యం ఉన్నవాళ్లకి ముందే బుకింగ్. దానికి డాక్టర్ సర్టిఫికెట్ స్కాన్ చేసి అప్‌లోడ్ చెయ్యాలి. కమిటీ చూసి అప్రూవ్ చేస్తుంది. దొంగ బుకింగ్‌లు ఆపాలి కదా! మెయిల్ పంపించి, చాలా తృప్తిగా నాన్నకి ఫోన్ చేశా.

మా నాన్నకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలికి. మా ఊళ్లో జిరాక్స్ షాపు. నడుస్తాడు, మోకాలి మీద చెయ్యి ఆనించి ఒక్కో అడుగూ నొక్కుతూ. నేను చెప్పిందంతా విన్నాడు. లైన్ కట్టయిందేమో అనిపించేంతసేపు ఏం మాట్లాడలేదు.

"సదరం క్యాంపు గుర్తుందారా?" అన్నాడు.

గుర్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్య శాతం తేల్చే సర్టిఫికెట్లు సాఫ్ట్‌వేర్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. దాని పేరే సదరం. 40 శాతం ఉంటేనే పెన్షనూ బస్‌పాసూ లాంటివి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. ఫారాలు నింపడానికి నాన్న వెంట వెళ్లా. ఎండలో లైను. ఆ లైన్లో చేతుల మీద పాక్కుంటూ వచ్చినవాళ్లూ ఉన్నారు, నడవలేరని రుజువు చేసుకోవడానికి. లోపల డాక్టర్ నాన్నని ప్యాంటు తీయించి రెండు కాళ్లకీ టేపు పెట్టి కొలిచాడు. నేను గోడ వైపు తిరిగా. ఒక మూల కంప్యూటర్ దగ్గర కూర్చున్నతను ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అంకెలు కొడుతూనే ఉన్నాడు. అతని తప్పూ లేదు, బయట లైను అంతుంది.

"ఇప్పుడు నువ్వు ఆ కంప్యూటర్ వెనక కూర్చున్నావన్నమాట" అన్నాడు నాన్న. తిట్టలేదు. నవ్వాడు కూడా.

ఇంకోటి చెప్పాడు, నాకెప్పుడూ చెప్పనిది. ఆర్టీసీ బస్సులో వికలాంగుల సీటులో ఎవరైనా కూర్చుంటే నాన్న లేవమని అడగడు. అడిగితే పైనుంచి కిందకి చూస్తారు. ప్యాంటు కొంచెం పైకి లాగి చూపించాలి. ఒకసారి చూపించాడట. ఆ మనిషి లేచాడు గానీ, బస్సులో అందరూ చూశారు. అప్పట్నుంచి నిలబడే వెళ్తాడు.

సోమవారానికి క్లబ్ నుంచి కూడా జవాబు వచ్చింది. మోకాలి కింద కాలు లేని ఒక పెద్దాయన ఉన్నాడు, కృత్రిమ కాలుతో ఆడతాడు. "నా కాలు మళ్లీ మొలవలేదని ఈ వయసులో డాక్టర్ దగ్గర రాయించుకు రావాలా?" అని ఒకే వాక్యం రాశాడు. ఆవిడైతే జవాబే ఇవ్వలేదు. అప్‌లోడ్ చేసింది ఒక్కరు, చీలమండ బెణికిన కుర్రాడు.

అప్పుడు గానీ చదవడం మొదలుపెట్టలేదు నేను. ముందే చదవాల్సింది. ఇక్కడ 2010లో వచ్చిన ఈక్వాలిటీ యాక్ట్ క్లబ్బులకీ వర్తిస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకి అడ్డంకి లేకుండా సమంజసమైన మార్పులు చెయ్యాలి, ఎవరో వచ్చి అడిగేదాకా కాదు, ముందుగానే ఆలోచించి. చెయ్యాల్సిన మార్పుకయ్యే ఖర్చు ఆ మనిషి నెత్తిన వెయ్యకూడదు. బగ్గీ అద్దె ఈ లెక్కలోకి వస్తుందా రాదా అని మా కమిటీ రెండు మీటింగులు కొట్టుకుంది. చివరికి అవసరం ఉన్నవాళ్లకి అద్దె తీసేశారు. ఒకాయన "అయితే నేనూ కుంటుతా" అని జోకేశాడు. ఎవరూ నవ్వలేదు, అదొక్కటి బాగుంది.

నాన్న అడిగిన ప్రశ్న మాత్రం వేరే. "అసలు నడవడం ఆటలో భాగమా కాదా? అది తేల్చండి ముందు" అన్నాడు. ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని నాకప్పుడే తెలిసింది. కేసీ మార్టిన్ అనే ప్రొఫెషనల్ ఆటగాడికి కుడికాలిలో పుట్టుకతోనే రక్తప్రసరణ జబ్బు. నడిస్తే ఎముక విరిగే ప్రమాదం. పీజీఏ టూర్ బగ్గీ ఇవ్వనంది. అలసట కూడా పోటీలో భాగమే, ఒకరికి బగ్గీ ఇస్తే మిగతావాళ్లకి అన్యాయం అని వాళ్ల వాదన. 2001లో కోర్టు 7-2 తేడాతో మార్టిన్ వైపు చెప్పింది. గోల్ఫ్ అంటే కర్రతో బంతిని కొట్టడం, నడక దాని ప్రాణం కాదని. ఒక రౌండ్ నడిస్తే ఖర్చయ్యేది 500 క్యాలరీలని కింది కోర్టులో లెక్క కూడా తేలింది. మార్టిన్ బగ్గీలో తిరిగినా ఆరోగ్యవంతులు నడిచినదానికంటే ఎక్కువే అలిసిపోతాడని జడ్జి గమనించాడు. నన్ను ఆపేసింది ఆ మాటే. అందరికీ ఒకే గేటు అని నేను మురిసిపోతుంటే, ఆవిడ ఆ గేటు దాకా రావడానికే సగం ఓపిక అయిపోతోంది.

అలాగని అందరూ ఒప్పేసుకోలేదు. 2019లో జాన్ డేలీ మోకాలి ఆర్థరైటిస్‌తో అమెరికాలో పీజీఏ చాంపియన్‌షిప్ బగ్గీలో ఆడాడు. అదే ఏడాది రాయల్ పోర్ట్‌రష్‌లో ఓపెన్‌కి అడిగితే నిర్వాహకులు కుదరదన్నారు. మా క్లబ్ కమిటీకి ఈ రెండు కథలూ చెప్పా. ఎవరికి కావాల్సిన కథ వాళ్లు పట్టుకున్నారు.

వెర్షన్ 3లో అప్‌లోడ్ బటన్ పీకేశా. ఆరు బగ్గీల్లో రెండు పక్కన పెట్టేశాం, ఆటకి ఒక రోజు ముందు దాకా. "నాకు బగ్గీ లేకపోతే ఆడలేను" అని ఒక టిక్ పెడితే చాలు, అవి కనిపిస్తాయి. కారణం రాయక్కర్లేదు. యాప్ తెరవలేని రోజు ఫోన్ చేస్తే షాపులో కుర్రాడు పెడతాడు. అంటే మళ్లీ పెన్సిలే, కాకపోతే ఈసారి రూల్‌లో రాశాం. ఎవరూ తీసుకోకపోతే రోజు ముందు అందరికీ వదిలేస్తుంది.

సెక్రటరీ భయపడ్డాడు, నాలుగొందలమందీ టిక్ పెట్టేస్తారని. పదకొండుమంది పెట్టారు. అందులో ఒకాయన మీద గుసగుసలు మొదలయ్యాయి, చూస్తే పిడిరాయిలా ఉంటాడు, ఆయనకెందుకు అని. సెక్రటరీ ఆయన్ని ఏమీ అడగలేదు. నెల తర్వాత బార్‌లో ఆయనే చెప్పాడు, గుండె ఆపరేషన్ అయిందని, కొండ ఎక్కితే ఊపిరి అందదని. చెప్పకపోయినా నడిచేదే.

అన్నీ తేలిపోయాయని కాదు. ఒకే పొద్దున ముగ్గురికి అవసరమైతే రెండు బగ్గీలే. రెండు సీట్లున్నాయి కదా, కలిసి వెళ్లండి అంటే ఇద్దరూ ఒకే జట్టులో ఆడాలి, ఇద్దరికీ పడాలి. చలికాలం ఇంకా ఘోరం. వానకి నేల మెత్తబడితే చక్రాలు గడ్డిని చీల్చేస్తాయి, వాలు మీద బండి జారితే ప్రాణానికే ప్రమాదం. అందుకని బగ్గీలన్నీ బంద్. అందరికీ ఒకే రూల్! నడిచేవాళ్లు నడుస్తారు, ఆ పదకొండుమంది మార్చి దాకా ఇంట్లో. గ్రౌండ్ చూసుకునే ఆయనతో మూడు వారాలు తిరిగి, గట్టిగా ఉండే వైపు తొమ్మిది హోల్స్‌కి ఒక దారి గీశాం. బండి ఆ దారి మీదే పోవాలి, బంతి ఎదురుగా వచ్చాక లంబంగా తిరగాలి. డిసెంబర్‌లో రెండు వారాలు నడిచింది, తర్వాత అదీ మూసేశారు. ఆవిడ మాత్రం ఆ రెండు వారాల్లో మూడుసార్లు ఆడింది.

జూన్‌లో అమ్మానాన్నా వస్తున్నారు. మొన్న టికెట్లు బుక్ చేస్తూ నాన్నకి ఫోన్ చేశా. శంషాబాద్‌లో వీల్‌చైర్ పెట్టమంటావా, గేటు దాకా తీసుకెళ్తారు అని.

"ఎందుకురా, నడుస్తాలే."

"చాలా దూరం నాన్నా."

కాసేపు ఆగాడు. షాపులో జిరాక్స్ మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"సదరం కాయితం చూపించమంటారా అక్కడ?"

"అక్కర్లేదు. బుకింగ్‌లో ఒక టిక్ పెడతా, అంతే."

"ఎవరూ ఏం అడగరా?"

"అడగరు."

"అయితే పెట్టు."