ఒక కనెక్టర్ పీకాలా, వద్దా?

"ఇది కంపెనోళ్ళు మైలేజి కోసం పెట్టిండ్రు సార్, ఇంజిన్ కోసం కాదు. కనెక్టర్ తీసేస్తే ప్రెషర్ ఎప్పుడూ ఫుల్లుంటది." ఇది మా మెకానిక్ సలహా. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో పెట్రోల్ కారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది, లోన్ ఇంకా నడుస్తోంది. ఇంజిన్ పోతే కొత్తది వేయించే స్తోమత నాకు లేదు. కాబట్టి ఆ సలహాని నవ్వి వదిలేయలేకపోయాను.

పాత ఇంజిన్లలో ఆయిల్ పంపు సంగతి చాలా సింపుల్. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అదీ అంత ఆయిల్ తోడుతుంది. ఎక్కువైనది రిలీఫ్ వాల్వ్ గుండా వెనక్కి పోతుంది. అంటే పెట్రోలు కాల్చి పుట్టించిన శక్తిలో కొంత, ఆయిల్‌ని ఊరికే తోడి పారబోయడానికి ఖర్చవుతోంది. కొత్త ఇంజిన్లలో కంప్యూటర్ వేగం, లోడు, ఆయిల్ వేడి చూసుకుని ఒక చిన్న సోలెనాయిడ్ వాల్వ్ ద్వారా ప్రెషర్ మారుస్తుంది. ఫోక్స్‌వాగన్ ఈఏ888 మూడో తరం ఇంజిన్లో, ఉదాహరణకి, రెండు మెట్లున్నాయి: దాదాపు 1.5 బార్, 3.75 బార్. వాల్వ్‌కి కరెంటు అందకపోతే పంపు దానంతటదే పై మెట్టుకి వెళ్తుంది. అనుమానం వస్తే ఎక్కువ ఆయిల్ ఇవ్వడమే మేలని దాన్ని తయారుచేసినవాళ్ళే అనుకున్నారన్నమాట. మా మెకానిక్ వాడుకుంటున్నది ఆ జాగ్రత్తనే.

మరి ఎక్కువ ప్రెషర్ అంటే ఎక్కువ రక్షణేనా? దీనికి జవాబు చాలా పాతది. 1883లో ఇంగ్లండ్‌లో బీచంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, బేరింగు పైభాగంలో ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆ రంధ్రంలోంచి ఆయిల్ ఉబికి వచ్చింది. చెక్క బిరడా కొట్టి మూస్తే, బిరడా కూడా పైకి తన్నుకొచ్చింది. పంపేమీ లేదక్కడ. తిరిగే ఇరుసే ఆయిల్‌ని సందులోకి లాక్కుని ఆ ఒత్తిడిని పుట్టిస్తోంది. మూడేళ్ళకి ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. ఇంజిన్ బేరింగుల్లోనూ జరిగేది ఇదే. లోహం లోహానికి తగలకుండా ఆపే పొరని బేరింగే తయారుచేసుకుంటుంది. పంపు పని ఆ పొరకి ఆయిల్ అందేలా చూడటం, వేడిని మోసుకుపోవడం. అందుకే ప్రెషర్ రెట్టింపయితే రక్షణ రెట్టింపు కాదు. సరిపడా ఉందా లేదా అన్నదే ప్రశ్న.

అలాగని మెకానిక్ మాట పూర్తిగా తప్పూ కాదు. మన దేశంలో 2017 నుంచి కాఫే నిబంధనలున్నాయి. కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ ఒక హద్దు దాటకూడదు. ఒక్కో కారులో మిగిలే చుక్కలు కంపెనీకి లక్షల కార్ల మీద లెక్కకొస్తాయి. నాకు మాత్రం ఒక్కటే ఇంజిన్. పైగా ఈఏ888 కొత్తగా ఉన్నప్పుడు, మొదటి 1000 కిలోమీటర్లూ పంపుని పై మెట్టులోనే ఉంచుతారు. కొత్త భాగాల రాపిడి వల్ల పుట్టే వేడినీ లోహపు రజనునీ ఆయిల్ మోసుకుపోవాలని. కొత్త ఇంజిన్‌కి చూపించిన ఆ దయ అరిగిన ఇంజిన్‌కి ఎందుకొద్దని అడిగితే, అది పిచ్చి ప్రశ్నేమీ కాదు.

అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి నాకు ఆ మెకానిక్ పద్ధతి బాగా పరిచయమైనదే అనిపించింది. ఇది ఎవరి ప్రయోజనం కోసం రాశారు? మనమూ ఏ కథనైనా మొదట అడిగేది అదే కదా. అడగాల్సిందే. కానీ ఎవరి కోసం రాశారో తెలిసినంత మాత్రాన అది అబద్ధమని తేలిపోదు. కంపెనీ తన లెక్క కోసం పెట్టిన వాల్వ్ నా ఇంజిన్‌కి హాని చేస్తోందో లేదో, ఆ ఇంజిన్నే అడగాలి.

అడిగించాను. ఆయిల్ బాగా వేడెక్కాక గేజీ బిగించి రెండు మెట్లలోనూ ప్రెషర్ కొలిపించాను. రెండూ వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన హద్దుల్లోనే ఉన్నాయి. కింది మెట్టులో తక్కువ వచ్చి ఉంటే అసలు జబ్బు వేరే ఉన్నట్టు: అరిగిన బేరింగో, పూడుకుపోయిన ఆయిల్ జాలీనో, పలచబడ్డ ఆయిలో. అప్పుడు కనెక్టర్ పీకడం నొప్పి మాత్ర వేసుకుని ఎక్స్‌రే మానేయడం లాంటిది.

ఇక అసలు నన్ను ఆపింది ఇంజనీరింగ్ కూడా కాదు. కనెక్టర్ పీకితే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఇలాంటివి రోజూ చూస్తాను. "ఆ అలర్ట్ ఎప్పుడూ వస్తుంది, వదిలెయ్" అని ఒకరు అన్నాక, దాని వెనక వచ్చే నిజమైన అలర్ట్‌ని ఎవరూ చూడరు. ఈ కారు నెలకి రెండుసార్లు నాన్న తీసుకుని సూర్యాపేట వెళ్తాడు. లైటు వెలిగితే హైవే పక్కన బండి ఆపి నాకు ఫోన్ చేసే మనిషి. మిస్‌ఫైరయినా, సెన్సర్ పోయినా వెలిగేది అదే లైటు. ఇన్నేళ్ళూ బండి చెప్పినట్టు విన్న మనిషికి, ఇకనుంచి దాని మాట పట్టించుకోకు నాన్నా అని నేర్పాలి. 1.5 బార్‌కీ 3.75కీ మధ్య ఉన్న తేడా కోసం అంత ఖరీదు పెట్టబుద్ధి కాలేదు.

కాబట్టి కనెక్టర్ ఉన్నచోటే ఉంది. ఆయిల్ మాత్రం 15000కి బదులు 7500 కిలోమీటర్లకే మారుస్తున్నాను, మాన్యువల్ చెప్పిన గ్రేడే. ఏడాదికోసారి గేజీ బిగించి చూస్తాను. ఏ ఏడాదైనా కింది మెట్టు హద్దు తప్పితే, ఇంజిన్ విప్పించే ఖర్చు గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ డబ్బు కోసం కొంచెం కొంచెం పక్కన పెట్టడం మొదలుపెట్టాను.