భద్రాచలంలో ఎంతుందంట?

రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు "కోస్తాంధ్ర, యానాం" అని వస్తుంది. చిన్నప్పుడు ఆ మాట వినబడితే గంతులేసేదాన్ని. దేశం వార్తల్లో మా ఊరి పేరు వినబడేది అప్పుడే మరి.

మా యానాం పుదుచ్చేరి కింద ఉంది. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళు ఏలారు. కలెక్టరేటు కాగితాలన్నీ పుదుచ్చేరి నుంచే వస్తాయి. వాన మాత్రం అక్కడి నుంచి రాదు. అక్కడ కార్తీకంలో కుండపోత కురుస్తుంటే, ఇక్కడ మేం ధాన్యం ఎండబెట్టుకుంటూ ఉంటాం. అందుకే వాతావరణం వాళ్ళు మమ్మల్ని తీసుకొచ్చి కోస్తాంధ్రలో కలిపారు. మా వానలు, మా తుఫాన్లు అన్నీ కాకినాడ, కోనసీమ వాళ్ళతో పాటే.

మా అమ్మ ఉప్పుడు బియ్యం మిల్లులో కూలి చేసేది. ఉడికించిన ధాన్యం సిమెంటు కళ్ళంలో పోసి, ఆడవాళ్ళు కాళ్ళతో చాళ్ళు తీస్తూ ఎండబెట్టేవారు. ఎండ ఉంటేనే పని, పని ఉంటేనే కూలి. మబ్బు పట్టిందంటే ఆ పూట కూలి సగానికి పడేది. అమ్మ పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆకాశం చూసి, ఆ రోజు పొయ్యి మీద ఏం పెట్టాలో నిర్ణయించేది.

1996 నవంబరు 6. నేను అయిదో తరగతి. పొద్దున్నించీ తుఫాను అంటూనే ఉన్నారు. మిల్లు ఆఫీసులో రేడియో కూడా మోగుతోందట. అయినా కళ్ళంలో ధాన్యం ఎత్తి, బస్తాల మీద బరకాలు కప్పి, తాళ్ళు కట్టేదాకా మేస్త్రి ఎవరినీ కదలనివ్వలేదు. అమ్మ ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. చీర ఒంటికి అతుక్కుపోయి, మోకాలు చీరుకుపోయి ఉంది. మమ్మల్ని చంకనేసుకుని ఎదురింటి డాబాలోకి పరిగెత్తింది. తెల్లారి చూస్తే మా తాటాకిల్లుకి కప్పు లేదు. కొబ్బరిచెట్లు దువ్వెన పళ్ళు విరిగినట్టు పడున్నాయి. బస్తాలు మాత్రం తడవలేదు. ఆ మాట అమ్మ ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

తుఫాను సంగతి అలా ఉంటే, వరద సంగతి వేరు. 2022 జూలైలో ఓ రోజు మా వీధిలో ఎండ కాస్తోంది. అమ్మ మంచం మీద నుంచే అడిగింది:

"ఏమే, భద్రాచలంలో ఎంతుందంట?"

"ఇక్కడ చుక్క వాన లేదు, భద్రాచలం గోల మనకెందుకే?" అన్నాను.

"ఇక్కడి వానకి గోదారి పొంగదే. ఎనభై ఆరులో నువ్వు కడుపులో ఉన్నావు. అప్పుడూ ఇలాగే అనుకున్నాం" అంది.

ఆ 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి దారిని గోదారిలో కలిసి మన మీదికి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం దిగాకే మనకి. అక్కడ 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే మనకి సర్దుకోడానికి కాస్త వ్యవధి దొరుకుతుందన్న మాట. ఈ లెక్కలన్నీ నేను తర్వాత నేర్చుకున్నవే. అమ్మకి అంకెలు రావు గానీ దారి తెలుసు.

నేను నవ్వేసి డ్యూటీకి పోయాను. అమ్మ లేవలేని మనిషి లేచి, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకెక్కించింది. బియ్యం డబ్బా కూడా పక్కింటి కుర్రాడి చేత పైన పెట్టించింది. కుట్టుమిషను బరువని, "నువ్వొచ్చాక ఎత్తుదువు గాని" అంది. నేను ఎత్తలేదు. 16వ తేదీన భద్రాచలంలో 71 అడుగులు దాటింది. తర్వాత మా వీధిలో మోకాటి లోతు. కాగితాలు, బియ్యం దక్కాయి. నా రెండో సంపాదన, ఆ మిషను, బురదలో కూరుకుపోయింది.

అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ.

ఇప్పుడు హెచ్చరిక ఫోనుకే వస్తోంది. కానీ వచ్చిన కబురు వినే వీలు కూలివాళ్ళకి ఉండాలి కదా. తుఫాను హెచ్చరిక ఇచ్చిన రోజు, కూలి కోయకుండా మమ్మల్ని పగలే ఇంటికి పంపమని మా మిల్లులో ఆడవాళ్ళం ఈ మధ్యే అడిగాం. "చూద్దాం" అన్నారు. మేమూ చూస్తున్నాం, మళ్ళీ అడుగుతాం.

అమ్మ పోయి ఏడాదైంది. ఆషాఢం వచ్చిందంటే చాలు, ఎండ కాస్తున్నా సరే, ఇరుగుపొరుగుని నేనే అడుగుతున్నాను: "ఏవండీ, భద్రాచలంలో ఎంతుందంట?"