పిల్లలకి సివిక్స్ ఎక్కడ వస్తుంది?

మన ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ ఒక మాట అంటారు. ఈ కాలం పిల్లలకి ప్రభుత్వం అంటే పట్టదు, ఓటంటే లెక్కలేదు అని. నేను ఆ మాట ఒప్పుకోను. బళ్లో సివిక్స్ చెప్తున్నారు, పిల్లలు చదువుతున్నారు. కానీ చదివింది ఎక్కడ వాడాలో వాళ్లకి చూపించేవాళ్లు లేరు.

మా మనవరాలు పదో తరగతి. సోషల్‌లో మంచి మార్కులే వస్తాయి. లోక్‌సభకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి, రాజ్యసభకి 30 నిండాలి అని గడగడా చెప్తుంది. రాజ్యసభలో 250 మందికి మించి ఉండకూడదట. నా చదువు అయిదో తరగతి వరకే, ఇవన్నీ దాని నోటి నుంచే విన్నాను. సరేనమ్మా, మన వీధి మలుపులో దీపం వెలగడం లేదు, ఎవరికి చెప్పాలి అని అడిగాను. "అసోసియేషన్ అంకుల్‌కి చెప్దాం తాతా" అంది. అది గేటు బయటి దీపం కదా అంటే, "అయితే నాకు తెలీదు, అది సిలబస్‌లో లేదు" అంది.

పిల్లది తప్పు కాదు. బ్రూక్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్లో పెరిగే పిల్లలకి నీళ్లు ట్యాంకర్లో వస్తాయి. కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. చెత్త సంగతి అసోసియేషన్ చూసుకుంటుంది. గేటు లోపల ప్రభుత్వంతో పనే పడదు. గేటు బయట రోడ్డు ఎవరిదో, మోరీ ఎవరిదో వాళ్లకి తెలిసే దారి లేదు.

1533 నంబరుకి ఫోన్ చేయమన్నాను. కన్నడంలో తనే మాట్లాడింది. కంప్లైంట్ నంబరు ఇచ్చారు. ఆ నంబరు కాగితం మీద రాసుకుని, రోజూ సాయంత్రం వెళ్లి దీపం వెలిగిందా లేదా అని చూసి వచ్చేది. నాలుగో రోజు వెలిగింది. పరీక్షలప్పుడు కూడా దానికి అంత శ్రద్ధ నేను చూడలేదు.

మరి మేము ఎక్కడ నేర్చుకున్నాం? మిల్లులో నేర్చుకున్నాం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో వర్క్స్ కమిటీ అని ఉండేది. 100 మంది, అంతకు మించి పనివాళ్లున్న చోట ఆ కమిటీ పెట్టమని ప్రభుత్వం చెప్పవచ్చు. అందులో యాజమాన్యం వాళ్లు ఎంతమంది ఉంటే మనవాళ్లు అంతకు తగ్గకూడదు. తాగే నీళ్లు, క్యాంటీన్, గాలీ వెలుతురూ, ఇలాంటివి అక్కడ మాట్లాడేవారు. రింగ్ ఫ్రేముల దగ్గర నీళ్లు లేవని ఒకాయన అంటే పుస్తకంలో రాసుకునేవారు. మళ్లీ మీటింగులో ముందు ఆ పుస్తకమే తీసి చదివేవారు. పోయినసారి ఏమన్నాం, ఏం చేశారు, చేయకపోతే ఎందుకు చేయలేదు. అన్ని పనులూ అయ్యేవని కాదు. అయినా షిఫ్టు దిగి అలసిపోయి ఉన్నా ఆ కబురు వినడానికి ఆగేవాళ్లం. ఎందుకంటే మనం ఓటేసిన మనిషి మన పక్క మిషన్ దగ్గరే ఉన్నాడు, నిలదీసి అడగొచ్చు.

బెంగళూరు పిల్లలకి అలా దగ్గర్లో ఉండాల్సిన మనిషి కార్పొరేటర్. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. కార్పొరేషన్‌కి అయిదేళ్ల గడువు, అది తీరేలోపే ఎన్నిక జరగాలి అని అందులో ఉంది. మన దగ్గర బీబీఎంపీ ఎన్నికలు 2015 ఆగస్టులో జరిగాయి. గడువు 2020 సెప్టెంబరులో తీరింది. అప్పట్నుంచి అధికారులే నడుపుతున్నారు. 2025 సెప్టెంబరులో నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు, మా మహదేవపుర తూర్పు కార్పొరేషన్‌లోకి వచ్చింది. ఈ డిసెంబరులో నేనిది రాసేనాటికి ఎన్నిక జరగలేదు. 2015లో 17 ఏళ్లున్న పిల్లకి ఇప్పుడు 27. పెళ్లయి చంకన బిడ్డ కూడా ఉండొచ్చు. ఇక్కడ కార్పొరేటర్‌కి మాత్రం ఒక్కసారీ ఓటేసి ఉండదు. పుస్తకంలో ఒకటి రాసి ఉండి, బయట ఇంకొకటి కనపడితే పిల్లలకి ఆ పాఠం మీద ఆసక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ విషయంలో పల్లెలు నయం. కర్ణాటకలో గ్రామ పంచాయతీలు మక్కళ గ్రామసభలు పెడతాయి, అంటే పిల్లల గ్రామసభలు. బడికి మరుగుదొడ్డి లేదనో, దారి బాగాలేదనో పిల్లలే లేచి అడుగుతారు. పట్నంలో వార్డు వార్డుకీ అలాంటిది ఒకటి పెడితే, సివిక్స్ టీచరుకి సగం పని తగ్గుతుంది.

అంతదాకా మనం ఆగక్కర్లేదు. ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. వీధిలో ఏ కష్టం ఉన్నా పిల్లల చేతే ఫోన్ చేయించి, నంబరు, తేదీ రాయించండి. 17 నిండిన పిల్లలుంటే ఫారం 6 ముందుగానే నింపించండి, 18 నిండాక పేరు ఓటర్ల జాబితాలో చేరుతుంది. కార్పొరేషన్ ఎన్నిక వచ్చి, ఓటడగడానికి మీ గుమ్మం ముందుకు ఎవరైనా వస్తే, మీరు పక్కన నిలబడి ఆ పుస్తకం పిల్లల చేతికివ్వండి. మనకైతే నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. పిల్లలు తేదీలతో సహా చదివితే ఏదో ఒకటి చెప్పకుండా కదల్లేరు.