టైరుమీది నాలుగంకెలు

2019 మే నెలలో మేము విజయవాడ నుండి హైదరాబాదు పోవుచుంటిమి. సూర్యాపేటకు ఈవల, మిట్టమధ్యాహ్నమున, మా కారు వెనుక టైరు పెద్ద చప్పుడుతో పగిలెను. కారు ప్రక్కకు లాగుకొనిపోయి రోడ్డు అంచున నిలిచెను. వెనుక కూర్చున్న మా అమ్మ చాలసేపు మాటాడలేదు.

దగ్గరలోనే ఒక పంక్చరు కొట్టు కలదు. అచ్చట ఇద్దరు డ్రైవర్లు టీ త్రాగుచుండిరి. "ఎమ్మారెఫ్ వేయించండి సారూ, బరువుకు తిరుగులేదు" అని యొకడు. "అపోలో వేసి చూడండి, కుదుపే తెలియదు" అని రెండవవాడు. వాదము ముదిరెను. వారిలో నెవరును అబద్ధమాడలేదని నా నమ్మకము. ఒకడు సిమెంటు లారీ తోలువాడు, వేరొకడు టాక్సీ నడుపువాడు. బండి వేరు, బరువు వేరు.

కొట్టు యజమాని వృద్ధుడు. ఆయన వారి మాటలు వినిపించుకొనక, పగిలిన టైరును వెలుతురులో త్రిప్పిచూచెను. అంచులు రెండును అరిగినవి. నడుమ గాళ్లు నిలిచియే యున్నవి. "గాలి తక్కువ పెట్టి తోలారు బాబూ. ప్రక్కలు వంగి వంగి వేడెక్కుతాయి" అనెను. పిమ్మట ప్రక్కగోడపై నాలుగంకెలు చూపెను: 1211. అనగా 2011వ సంవత్సరము, పండ్రెండవ వారమున తయారైనది. ఎనిమిదేండ్ల ముసలి టైరు! పేరు చూచి, చౌకయని మురిసి, నిరుడు నేను కొన్నది అదియే.

"చవకగా దొరికిందంటివే, అదేనా?" అని అమ్మ అడిగెను. నేను తల వంచుకొంటిని.

స్టెప్నీ బిగించుటకు ముందు అమ్మ వంగి, కొంగుతో దుమ్ము తుడిచి, దాని అంకెలు తానే చదివెను.