ఏ నేలా ఆపని గాలుల్లో

దక్షిణార్ధగోళంలో 60 డిగ్రీల అక్షాంశం వెంట వీచే గాలికి భూమి చుట్టూ ఎక్కడా నేల అడ్డురాదు. అంటార్కిటికాను చుట్టివున్న దక్షిణ మహాసముద్రపు ఉగ్రరూపానికి కారణం అదే. మంచుకొండలు తేలియాడే ఆ నీటిలోకి ఆస్ట్రేలియా నావికురాలు లీసా బ్లెయిర్ ఒంటరిగా రెండుసార్లు పడవ నడిపింది.

2017 జనవరిలో ఆమె ఆల్బనీ రేవునుంచి బయలుదేరింది. ఏప్రిల్‌లో, కేప్‌టౌన్‌కు వందలాది మైళ్ల దూరాన, తుఫానులో తెరచాప స్తంభం విరిగిపడింది. అది పడవను చీల్చకముందే దాని ఉక్కు తాళ్లను తెంచివేయడానికి ఆమె చీకటిలో గంటల తరబడి పెనుగులాడింది. కేప్‌టౌన్‌లో మరమ్మతు చేయించుకొని, అక్కడి చలికాలంలోనే తిరిగి బయలుదేరి, మొత్తం 183 రోజులకు ఆల్బనీ చేరింది.

2022లో మళ్లీ వెళ్లింది. ఈసారి ఎక్కడా ఆగక, 93 రోజులు నిండకముందే అంటార్కిటికాను చుట్టివచ్చి రికార్డు నెలకొల్పింది. పడవ పేరు ‘క్లైమేట్ యాక్షన్ నౌ’. భూతాపాన్ని తగ్గించేందుకు తాము చేసే పనులను జనం రాసిచ్చిన చీటీలు దాని ఒడలంతా పరచుకొని ఉన్నాయి. దారిలో ఆమె సూక్ష్మ ప్లాస్టిక్ రేణువుల పరీక్షకోసం నీటి నమూనాలు కూడా సేకరించింది.

మానవుడు విడిచిన బొగ్గుపులుసు వాయువులో సముద్రాలన్నీ కలిసి పీల్చుకొనే భాగంలో దాదాపు 40 శాతం ఈ ఒక్క సముద్రమే స్వీకరిస్తోంది. ఆ చీటీలు రాసినవారిలో ఎక్కువమంది దానిని ఎన్నడూ చూసి ఉండరు. వారి పొగ మాత్రం చాలాకాలంగా అక్కడికి చేరుతూనే ఉంది. ఇప్పుడు వారి మాట కూడా చేరింది.