ముష్టి

సంస్కృతమున ముష్టి యనగా పిడికిలి. మన వీధులలో ముష్టి యనగా భిక్షము. పిడికెడు బియ్యము పెట్టుటనుబట్టి మాట కీ రెండవ యర్థము కలిగినదని మేము తరగతిలో బాలురకు చెప్పుచుందుము. చెప్పి ముందునకు సాగిపోవుచుందుము. ఆ రెండర్థములును ఒక్క మనుష్యుని చేతిలో కలసియుండగా నెట్లుండునో మొన్న నొక చలనచిత్రము చూచువరకు మాకు తోచలేదు.

ఆ చిత్రము 2005లో అమెరికాలో వెలువడిన ‘సిండరెల్లా మ్యాన్’. రాన్ హోవర్డ్ దానికి దర్శకుడు, రసెల్ క్రో కథానాయకుడు. ముష్టియుద్ధమును మే మెన్నడును మెచ్చినవారము కాము. ఒకడు వేరొకని ముఖముపై గ్రుద్దుచుండగా వేలకొలది జనము చప్పట్లు చరచుట నాగరకత యెట్లగునని మా సందేహము. ఆ సందేహ మిప్పటికిని తీరలేదు. పిల్లల బలవంతమున టెలివిజను ముందు కూర్చుంటిమి. కూర్చున్నవారము చివరివరకు లేవలేకపోతిమి.

కథ నిజముగ జరిగినది. జేమ్స్ బ్రాడక్ అను యోధుడు 1929 జూలైలో లైట్ హెవీవెయిట్ పదవికై టామీ లాఫ్రన్‌తో పోరాడి యోడెను. ఆ యేటి అక్టోబరులోనే న్యూయార్కు షేర్ల బజారు కూలినది. తరువాత మిల్లులు, బ్యాంకులు మూతపడ నారంభించినవి. 1933 నాటికి ఆ దేశమున పనివారిలో నించుమించు నలుగురి కొక్కడు పని లేక యుండెను. బ్రాడక్ కుడిచేయి పలుమారులు విరిగినది. ఓటములు పెరిగినవి, పిలుపులు తగ్గినవి. ఇంట భార్యయు ముగ్గురు బిడ్డలును. ఆతడు న్యూజెర్సీ రేవులకు పోయి కూలివారి గుంపులో నిలుచుండెడివాడు. మేస్త్రీ వ్రేలు చూపినవానికే ఆనాటి కూలి. కుడిచేయి సాగక ఎడమచేతితోడనే బరువులు లాగి లాగి, అంతకు ముందు పనికిరాని యా యెడమచేయి ఉక్కువలె నైనదందురు. దారిద్ర్యము ఆతనికి చేసిన యుపకార మదియొక్కటియే కాబోలు.

చిత్రమున నొక ఘట్టము కలదు. పాలలో నీళ్లు కలిపి కలిపి యిక కలుపుటకు పాలు లేవు. బిల్లు కట్టలేక ఇంట దీప మారిపోయినది. చలికి పిల్లవానికి జబ్బు చేసినది. బ్రాడక్ ముందుగా ప్రభుత్వ సహాయపు కచేరీలో వరుసలో నిలిచి కొంత సొమ్ము పుచ్చుకొనును. అది చాలదు. అప్పుడు మాడిసన్ స్క్వేరు గార్డెనుకు పోవును. తాను గెలిచిన దినములలో భుజము తట్టిన పెద్దమనుష్యులే యక్కడ కూర్చుండి పానీయములు సేవించుచుందురు. ఆతడు తల మీది టోపీ తీసి, దానినే పాత్రగా చేసి వారి ముందు చాచును. కొందరు నాణెములు వేయుదురు. కొందరు ముఖము త్రిప్పుకొందురు. ఎవరి ముష్టికి ఆ సభలో నొకనాడు వెలకట్టిరో, వాని ముష్టియే యిది. మా యింటిలో నప్పు డెవ్వరును మాటలాడలేదు.

పిమ్మట జరిగినది లోక మెరిగినదే. 1934 జూన్ 14వ తేదీన, వేరొకరికి బదులుగా పిలువబడి, కార్న్ గ్రిఫిన్ అనువానిని మూడవ రౌండులోనే పడగొట్టెను. అదే రాత్రి అదే రంగమున మాక్స్ బేర్ ప్రపంచ హెవీవెయిట్ పదవి గెలిచెను. ఒక దినము తక్కువ యేడాదికి, 1935 జూన్ 13న, ఆ బేరును బ్రాడక్ పదునైదు రౌండ్లు పోరాడి న్యాయనిర్ణేతల తీర్పుచే గెలిచెను. బూడిదలో కూర్చున్న పిల్ల రాణియైన కథను తలచి, డేమన్ రన్యన్ అను పత్రికారచయిత ఆతనికి పెట్టిన పేరే చిత్రమునకు పేరైనది. సహాయముగా పుచ్చుకొన్న సొమ్మును బ్రాడక్ ప్రభుత్వమునకు తిరిగి చెల్లించెను. ఇదియు కల్పన కాదు.

ఈ చెల్లింపును పొగడువా రనేకులు. మేమును పొగడెదము, కాని యొక్క షరతు. ఆ వరుసలో నిలిచినవారిలో నిట్టి యెడమచేయి కలవాడు బ్రాడక్ ఒక్కడే. తక్కినవా రేమి తెచ్చి చెల్లింతురు? తిరిగి యీయలేకపోయిన వానిని తక్కువ చేయుట కీ కథను సాక్ష్యముగా తెచ్చువారితో మాకు పొత్తు కుదరదు.

చిత్రముపై మాకొక కోపము కూడ కలదు. నాయకుని వెలిగించుటకు మాక్స్ బేరును రాక్షసునిగ చేసిరి. తనతో పోరాడి యొకడు చచ్చిన సంగతిని ఎకసక్కెముగా చెప్పుకొనువానిగ, పరస్త్రీని వెకిలిమాట లాడువానిగ చూపిరి. 1930లో ఫ్రాంకీ కాంప్‌బెల్ అనువాడు బేరుతో పోరాడి మరణించిన మాట నిజమే. కాని యా మరణ మాతనిని బ్రదికినంతకాలము వెంటాడినదని ఎరిగినవారు చెప్పియున్నారు. మృతుని కుటుంబమునకు ధనసహాయము చేసెననియు చెప్పుదురు. 1959లో పోయిన మనిషి తిరిగివచ్చి బదులు చెప్పలేడు గదా. ఆతని కుమారుడు మాత్రము బహిరంగముగ ఆక్షేపించెను. చేతి వ్రేటును చూపి దాని వెనుకనున్న మనిషిని దాచుట న్యాయము కాదని మేము భోజనముల యొద్ద గట్టిగనే వాదించితిమి.

వాదించుచుండగనే మరియొక ఘట్టము మనసున మెదలి నోరు మూతపడినది. బ్రాడక్ పెద్దకొడుకు మాంసపు దుకాణమునుండి సలామీ దొంగిలించి తెచ్చును. తండ్రి వానిని వెంటనే నడిపించుకొనిపోయి తిరిగి యిప్పించును. అంతవరకు మేమును చేయుదుము. దారిలో వాడు నోరు విప్పును: తిండి పెట్టలేక స్నేహితు నొకని తలిదండ్రులు బంధువుల యింటికి పంపివేసిరట. తననును పంపివేయుదురేమోయని వాని భయము. నిన్నెన్నడును పంపనని తండ్రి మాట యిచ్చును.

పదునైదేండ్ల క్రిందట మేము పనిచేసిన పాఠశాలలో మధ్యాహ్న భోజనపు టేర్పాటు లేదు. ఏడవ తరగతి బాలు డొకడు ప్రక్కవాని క్యారియరులోని యిడ్లీలు తిని పట్టుబడెను. మిగిలినవానితో గిన్నెను వానిచేతనే తిరిగి యిప్పించి, అందరి యెదుట నిలువబెట్టి, పరద్రవ్యమును గురించి యొక శ్లోకము చదివి వ్యాఖ్యానించితిమి. వ్యాఖ్యానము చక్కగా కుదిరినదని సంతోషించితిమి కూడ. అటుపిమ్మట మధ్యాహ్నపు గంట కొట్టగనే వాడు కుళాయి యొద్దకు పోయి నిలుచుండుట చూచుచుంటిమి. దప్పిక యనుకొంటిమి. వేసవి సెలవుల తరువాత వాడు రాలేదు. తండ్రికి మగ్గము సాగక కుటుంబమంతయు సూరతుకు వలసపోయెనని యెవరో చెప్పిరి.

ఈ సంగతి నా రాత్రి ఇంట చెప్పితిమి. మా యింటావిడ కంచములు తీయుచు ఒక్క ప్రశ్న వేసినది.

“ఏమండీ, ఆ పిల్లాడు ఆ రోజు పొద్దున ఏమైనా తినివచ్చాడా?”

మే మడుగలేదు. గిన్నె మాత్రము తిరిగి యిప్పించితిమి.