ఎక్స్‌పీ తెరుచుకోకపోయినా పాటలు ఉన్నాయి

నరసరావుపేటలో మా డీటీపీ మిత్రుడి షాపులో కరెంటు పోయి వచ్చాక వర్చువల్‌బాక్స్‌లోని (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) విండోస్ ఎక్స్‌పీ తెరుచుకోలేదు. గురజాల మాస్టారొకరు ఊళ్లు తిరిగి రాసుకొచ్చిన పల్నాటి వీరుల పాటలు, కారెంపూడి తిరునాళ్ల కరపత్రాలు అన్నీ అందులోనే, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. "తీసేసి కొత్తది వేసుకో" అని ఎవరో సలహా ఇచ్చారట. వినగానే గుండె గుభేలుమంది.

ఎక్స్‌పీ ఆగితే ఫైళ్లు పోయినట్టు కాదండీ. ఆ లోపలి మెషీన్ హార్డ్‌డిస్కంతా మన కంప్యూటర్లో విడిఐ అనే ఒక పెద్ద ఫైలు. ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాం. కాపీని సెవెన్‌జిప్‌తో తెరిస్తే ఫోల్డర్లు వరుసగా కనిపించాయి. కానీ నిరుడు చేసిన పని ఒక్కటీ లేదు! మిత్రుడి మొహం వాడిపోయింది.

కారణం స్నాప్‌షాట్, అంటే మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే దాచిపెట్టడం. అది తీసినప్పటి నుంచీ జరిగిన మార్పులన్నీ పక్కనున్న స్నాప్‌షాట్స్ ఫోల్డర్లో ఇంకో ఫైలుగా చేరతాయి. రెండూ కలిస్తేనే పూర్తి డిస్కు. క్లోన్ చేసి రెంటినీ ఒకటిగా మార్చి, బాగా నడుస్తున్న మరో ఎక్స్‌పీకి రెండో డిస్కుగా తగిలించాం. పాటలన్నీ వచ్చాయి. ఫాంట్లు కూడా తీసి పెట్టాం, అవి లేకపోతే తెలుగంతా పిచ్చిగీతలే.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే మద్దతు ఆపేసింది. అందుకే ఆ పాటల్ని యూనికోడ్‌లోకి మార్చే పని ఈ వారమే మొదలుపెడుతున్నాం. మాచర్ల, పిడుగురాళ్ల వైపు ఎవరికైనా ఇలా ఆగిపోతే, ఏదీ డిలీట్ చేయకుండా ముందు నాకు ఫోన్ చేయండి. రాత్రయినా పర్లేదు.